మన జంగమకోటె హోబళి: నేలయు, నీరును, చరిత్రయు

మేము ఉపాధ్యాయ శిక్షణకై పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశమున నున్న దినములలో, ఒక సెలవునాడు సహాధ్యాయులతో కలిసి కడప సీమలోని గండి క్షేత్రమునకు వెళ్ళితిమి. అచ్చట పాపఘ్ని నది శేషాచలపు కొండలను చీల్చుకొని వచ్చును. మేము వెళ్ళినది వేసవి యగుటచే ఏటిలో ఇసుకయే గాని నీరు కానరాలేదు. "ఈ ఏరు ఎచ్చట పుట్టినదో!" అని ఒక మిత్రుడు అడిగెను. మాలో ఎవరికిని తెలియలేదు. బసకు తిరిగివచ్చి గ్రంథాలయమున పుస్తకము తీసి చూడగా, అది పుట్టినది మా శిడ్లఘట్ట తాలూకా కొండలలోనే యని యున్నది. ఇంటిముందటి కొండనుండి బయలుదేరిన ఏటిని గూర్చి పరాయిచోట పుస్తకము చూచి తెలిసికొనవలసి వచ్చెను గదా యని మిక్కిలి సిగ్గుపడితిమి. మీకట్టి సిగ్గు కలుగరాదని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

హోబళి యనగా నేమి?

జిల్లాను తాలూకాలుగను, తాలూకాను హోబళులుగను, హోబళిని గ్రామములుగను విభజించుట మన రాష్ట్రపు పరిపాలనా పద్ధతి. ఆంధ్రదేశమున పూర్వము ఫిర్కా లుండెడివి. 1985 నుండి మండలములు వచ్చినవి. హోబళి యను మాట అచ్చటివారికి తెలియదు. మా సహాధ్యాయులకు దీనిని వివరించుటకు మాకు ఒక సాయంకాలము పట్టినది. ఇట్టి చిన్న విభాగములు దూరదేశములందును కలవు. కెనడా దేశమునందలి న్యూబ్రన్స్విక్ రాష్ట్రమున కౌంటీలను పారిష్ లను భాగములుగా విభజించిరి. ఒక క్రైస్తవ దేవాలయమునకు చెందిన పరిధినిబట్టి ఆ పేరు వచ్చినది. తమ పారిష్ నేల యెట్టిది, అందు మొదట కాపురము పెట్టినవారెవరు, వంతెన ఎప్పుడు కట్టిరి అను సంగతులను అచ్చటి పల్లెవారు వ్రాసి భద్రపరచుకొను ఆచారము కలదు. రాజుల చరిత్ర పాఠ్యపుస్తకమున దొరకును గాని, మన చెరువుకట్ట చరిత్ర మనము వ్రాసికొననిచో మరెవరు వ్రాయుదురు?

జంగమకోటె శిడ్లఘట్ట తాలూకాకు చేరిన హోబళి. శిడ్లఘట్టనుండి విజయపురమునకు పోవు దారిలో ఉన్నది. జంగములన శివభక్తులైన వీరశైవ గురువులు. కోటె యనగా కోట. "కోట" యని ఇంట పలికి, "కోటె" యని కచ్చేరిలో వ్రాయుట మనకు అలవాటు. ఒక్క ఊరిపేరునందే రెండు భాషలు ఇట్లు ప్రక్కప్రక్కన నిలిచియున్నవి. ఈ తాలూకా మొదట కోలారు జిల్లాలో నుండెను. 2007లో చిక్కబళ్ళాపుర జిల్లా ఏర్పడినపుడు చిక్కబళ్ళాపురము, శిడ్లఘట్ట, చింతామణి, గౌరిబిదనూరు, బాగేపల్లి, గుడిబండ తాలూకాలు ఆ జిల్లాకు చేరినవి.

నేలయు నదులును

మన సీమ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్న పీఠభూమి. పడమటి దిక్కున నందికొండ 1,478 మీటర్ల వరకు లేచినది. నేల అడుగున కఠిన శిల, పైన ఎఱ్ఱమన్ను. ఏడాదికి పడు వాన 700 నుండి 800 మిల్లీమీటర్లు మాత్రమే. అందు పెద్ద భాగము సెప్టెంబరు, అక్టోబరు మాసములలో కురియును. ఏడాది పొడుగునను పాఱు ఏరు మనకు ఒక్కటియు లేదు.

అయినను ఎన్ని నదులు ఇచ్చట పుట్టినవో చూడుడు! నందికి చేరువనున్న చెన్నకేశవ కొండలలో రెండు పిణాకినులు జన్మించినవి. ఉత్తర పిణాకిని, అనగా మన పెన్న, గౌరిబిదనూరు మీదుగా ఆంధ్రదేశము ప్రవేశించి, అనంతపురము, కడప, నెల్లూరు సీమలను తడిపి, 597 కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతమున కలియును. దక్షిణ పిణాకిని దక్షిణముఖముగా వచ్చి, మన జంగమకోటె చెరువును నింపి, పిదప హొసకోటె చెరువును నింపి, తమిళదేశమునకు పోయి కడలూరు చెంత సముద్రమును చేరును. చిత్రావతి చిక్కబళ్ళాపుర ప్రాంతమున పుట్టి, బాగేపల్లి మీదుగా పుట్టపర్తి వైపునకు సాగి పెన్నలో కలియును. పాపఘ్ని కమలాపురమువద్ద అదే పెన్నను చేరును. పాలారు మన తూర్పు భాగమునందలి కొండలనుండి తమిళదేశమునకు పోవును. అర్కావతి నందికొండనుండి దిగి కావేరిలో పడును.

దీనికి కారణము సులభముగా తెలియును. ఇంటి కప్పునకు నడికొప్పు ఎట్టిదో, చుట్టుపట్ల దేశమునకు మన సీమ అట్టిది. కొప్పుమీద పడిన వాన రెండు వాలులకును పోవును. చెన్నకేశవ కొండమీద ఒకే మేఘమునుండి రాలిన రెండు చినుకులలో ఒకటి ఉత్తరపు వాలున పడినచో నెల్లూరి వైపునకును, వేఱొకటి దక్షిణపు వాలున పడినచో కడలూరి వైపునకును పోవును. అందుచే ఇచ్చట నీటికి సంబంధించి ఏమి చేసినను దిగువవారికి అది తెలియును. 1892లో మైసూరు సంస్థానమునకును మద్రాసు ప్రభుత్వమునకును ఒక ఒప్పందము జరిగినది. పట్టికలో చేర్చిన నదులపై మైసూరు క్రొత్త జలాశయములు కట్టదలచినచో ముందుగా మద్రాసు సమ్మతి పొందవలెను. మన రెండు పిణాకినులును, చిత్రావతియు, పాపఘ్నియు, పాలారును ఆ పట్టికలో నున్నవి.

చెరువులు

నది నిలువని చోట మన పెద్దలు నీటిని నిలిపిరి. పాత కోలారు జిల్లాలో నాలుగువేలకు పైగా చెరువులుండెను. ఇవి విడివిడిగా త్రవ్విన గుంటలు కావు. పై చెరువు నిండి కోడి పాఱినచో ఆ నీరు కాలువగుండ క్రింది చెరువునకు చేరును. అదియు నిండిన పిదప మఱియొకదానికి పోవును. ఇట్టివానిని గొలుసుకట్టు చెరువులందురు. పొలములకు వంతులవారీగ నీరు వదలువాడు నీరుగంటి. ఏ మడికి ఎన్ని గడియలు తూము తెఱవవలెనో అతనికి కంఠస్థము. వేసవిలో రైతులు చెరువు పూడికమన్ను బండ్లకెత్తి పొలమునకు తోలుకొనిరి. దానివలన చెరువునకు లోతును, పొలమునకు సత్తువయు కలిగెను.

కాలువలు పూడిపోయి, వాటి చోట ఇండ్లు లేచిన పిదప గొలుసు తెగినది. బోరుబావులు వచ్చి, నేడు పలుచోట్ల వేయి అడుగులు దాటినను నీరు పడుట లేదు. పడినచోట కొన్నిటియందు ఫ్లోరైడు అధికముగ నుండి పండ్లను, ఎముకలను చెఱచుచున్నది. 2018 నుండి బెంగళూరు నగరపు వాడుకనీటిని శుద్ధిచేసి కోలారు చెరువులకును, తరువాత మన జిల్లా చెరువులకును పంపుచున్నారు. భూగర్భజలము పెరుగుట ఒక లాభము. శుద్ధి రెండు దశలతో ఆపక మూడవ దశయు జరుపవలెనని పలువురు కోరుచున్నారు. తల్లిదండ్రులు ఈ రెండు సంగతులను తెలిసియుండుట మేలు.

పూర్వచరిత్ర

నంది గ్రామమునందలి భోగనందీశ్వరాలయము 9వ శతాబ్దినాటికే యున్నది. గంగులు, బాణులు, నొళంబులు, చోళులు, హొయ్సలులు, విజయనగర ప్రభువులు ఒకరి తరువాత ఒకరు ఈ నేల నేలిరి. విజయనగర కాలమున ఆవతి గ్రామమునందలి గౌడప్రభువులు బలపడిరి. దేవనహళ్ళి, చిక్కబళ్ళాపుర పాళెగాండ్రు వారి వంశజులు. 1537లో బెంగళూరు కోటను కట్టిన కెంపేగౌడయు ఆ వంశమువాడే యని చెప్పుదురు. 1749లో దేవనహళ్ళి ముట్టడియందు హైదరాలి తన పరాక్రమము చూపి పేరుపొందెను. 1762లో అతడు చిక్కబళ్ళాపురమును పట్టుకొనెను. 1791లో ఆంగ్లేయులు నందిదుర్గమును గెలిచిరి. 1938 ఏప్రిల్ 25న గౌరిబిదనూరు తాలూకా విదురాశ్వత్థమున జాతీయపతాకము నెత్తుటకు చేరిన జనముపై కాల్పులు జరిగి పలువురు అసువులు బాసిరి.

ఈ సంగతులకు సాక్ష్యములు మన పొలములలోనే నిలిచియున్నవి. కోలారు జిల్లా శాసనములను సేకరించి లూయీ రైసు 1905లో ఒక సంపుటము ప్రకటించెను. అందు మన తాలూకా శాసనములును కలవు. పశువులను కాపాడుచు ప్రాణమిచ్చినవారికి నిలిపిన వీరగల్లులు పలు గ్రామములలో నున్నవి. కొన్నిచోట్ల వాటిపై బట్టలుదుకుచున్నారు. అట్లు చేయవలదని చెప్పుట మన విధి.

మన తెలుగు

1955లో రాష్ట్రముల పునర్విభజన సంఘము, కోలారు జిల్లాలో తెలుగు మాటలాడువారే ఎక్కువయని గుర్తించియు, ఇతర కారణములచే ఆ జిల్లా కర్ణాటకమునందే యుండవలెనని తీర్మానించెను. మఱుసటి సంవత్సరము అట్లే జరిగినది. ఆ 1956లోనే రాజ్యాంగమున 350ఎ అధికరణము చేరినది. అల్పసంఖ్యాక భాషావర్గముల పిల్లలకు ప్రాథమిక విద్యను మాతృభాషలో నేర్పుటకు తగిన వసతులు కల్పింప ప్రతి రాష్ట్రమును యత్నింపవలెనని దాని భావము. తెలుగు తరగతి యొకరి దయ కాదని తల్లిదండ్రులు గుర్తుంచుకొందురు గాక.

చింతామణి తాలూకా కైవారమున గాజులమ్మి జీవించిన నారాయణప్ప, తాతయ్యగా పూజలందుకొని, తెలుగునను కన్నడమునను తత్త్వములు చెప్పెను. ఆయన కాలము 1726 నుండి 1836 వరకని సంప్రదాయము. ముద్దేనహళ్ళిలో పుట్టి, నూఱేండ్లు దాటి జీవించి, 1962లో కీర్తిశేషులైన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వులు ప్రకాశం సీమనుండి వచ్చిన తెలుగువారు. ఈ మహనీయు లిద్దరును ఒక భాషకై మఱియొక దానిని విడువలేదు. కన్నడము మన రాష్ట్రభాష. దానిని చక్కగ నేర్వనివాడు ఇచ్చట రాణింపడు. తెలుగు మన ఇంటిభాష. దానిని చదువనేరనివాడు తన అవ్వ పాడిన పాటను వ్రాసిపెట్టలేడు.

పంటలును, రేపటి దినమును

రాగి మనకు ముద్ద. చలికాలమున అనపకాయల పితికిపప్పు మనకు విందు. ద్రాక్ష, కూరగాయలు, పూలు నగరమునకు పోవును. అయినను శిడ్లఘట్ట పేరు దేశమున వినబడుట పట్టుగూళ్ళవలననే. పట్టుపురుగు సుమారు 25 దినములు మల్బరీ ఆకు తిని, నాలుగుమారులు జ్వరమునకు వచ్చి, అనగా చర్మము విడిచి, చంద్రికెపై గూడు కట్టును. ఆ గూటిని వేడినీట నానబెట్టి తీసిన ఒక్కొక్క పోగు వేయి మీటర్ల వరకు సాగును. మీలో పలువురు తెల్లవాఱుజామున ఆకు కోసి బడికి వచ్చువారే.

ఇటీవల మన హోబళిలోనే రెండువేల ఎకరములకు మించిన భూమిని పరిశ్రమలకై తీసికొన ప్రభుత్వము పూనుకొనగా, కొందరు రైతులు సమ్మతించిరి, పలువురు వ్యతిరేకించి ఉద్యమించిరి. మీ యిండ్లలోను ఈ చర్చ జరిగియుండును. ఎవరి పక్షము న్యాయమో చెప్పుట ఈ వ్యాసపు పని కాదు. కాని ఏ పొలమునకు ఏ చెరువు నీరు వచ్చును, ఏ కాలువ ఎచ్చటికి పోవును అని ఎఱిగినవాని మాటకే అట్టి చర్చయందు విలువ కలుగును. ఆ యెఱుక కాగితముపై నుండవలెను. వృద్ధుల తలలో మాత్రమే యున్నచో వారితోనే పోవును.

కావున ఈ సెలవులలో ప్రతి విద్యార్థియు మూడు పనులు చేయవలెనని కోరుచున్నాము. మీ గ్రామపు చెరువు పేరు, దాని కోడినీరు పోవు దారి తెలిసికొని పటము గీయుడు. వీరగల్లుగాని శాసనముగాని యున్నచో అది యున్న చోటును, దానిపై నున్న బొమ్మలను వ్రాసికొనుడు. మీ అవ్వ తాతలనడిగి పొలముల పేర్లు, వాటి కారణములు తెలుగున వ్రాసి తెండు. తప్పులున్నను భయపడవలదు, దిద్దుటకు మేమున్నాము. మీరు తెచ్చిన పుటలన్నియు కుట్టి మన పాఠశాల గ్రంథాలయమున ఉంచెదము. ఇకముందు ఎవరైనను గండివద్ద నిలిచి "ఈ ఏరు ఎచ్చట పుట్టినది?" అని అడిగినచో, మన బడిలో చదివిన బిడ్డ వెంటనే "మా కొండలలో" అని చెప్పగలుగవలెను.