కోలారు బంగారు గనులు: నేలపైన మిగిలినవి

సెలవులలో విద్యార్థులను విజ్ఞానయాత్రకు ఎక్కడికి తీసుకొని వెళ్ళాలి అన్న చర్చ మా కళాశాలలో ఏటేటా జరిగేదే. హంపి అని ఒకరు, మైసూరు అని ఒకరు అంటారు. ఒకసారి నేను కోలారు బంగారు గనుల పేరు చెప్పగా పిల్లలలో గొప్ప ఉత్సాహం కనిపించింది. అయితే అది గనుల మీది ఉత్సాహం కాదు, 2018లో ఆ పేరుతో వచ్చిన సినిమా మీది ఉత్సాహం. "మూసివేసిన గనిలో చూడడానికి ఏముంటుంది?" అని సహోపాధ్యాయులొకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. లోపలికి ఎవరినీ దిగనివ్వరు. దిగినా సొరంగాలలో నీరు నిండిపోయి ఉన్నది. అయినప్పటికీ విజ్ఞానశాస్త్రం బోధించే వారికి ఈ ఊరు ఒక పెద్ద ప్రయోగశాల వంటిదని నా అభిప్రాయం.

గద్వాలలో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి బెంగుళూరు. అక్కడినుండి బంగారుపేట, బంగారుపేటనుండి మారికుప్పం వరకు పదహారు కిలోమీటర్ల చిన్న శాఖ. ఈ శాఖను గనుల కోసమే వేశారు. ఉదయం వేళ మనకెదురుగా వచ్చే రైళ్ళు నిండుగా ఉంటాయి. గనులు పోయిన తరువాత ఈ ఊరి జనం బ్రతుకుతెరువుకు ప్రతిరోజూ బెంగుళూరు వెళ్ళి రాత్రికి తిరిగి వస్తున్నారు. ఒకప్పుడు ముప్పదివేల మందికి పైగా పనిచేసిన గనులివి. మూసేనాటికి మిగిలిన వారు నాలుగు వేల లోపే. పెట్టెలో తమిళం, తెలుగు, కన్నడం మూడూ వినబడతాయి. చిత్తూరు వైపునుండి, ఆర్కాటు వైపునుండి వచ్చి స్థిరపడిన కార్మికుల మనుమలు, మునిమనుమలు వీరు. మా పిల్లల తెలుగు విని "ఏ ఊరు బాబూ?" అని పలకరించిన పెద్దాయన తన తండ్రి, తాత ఇద్దరూ ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేశారని చెప్పారు.

ఊరి వీధులలోకి రాగానే మొదట కంటబడేవి కొండలు. చెట్టూ చేమా తక్కువ, పైన చదును, ప్రక్కల వానకు కోసుకొనిపోయిన గాళ్ళు, బూడిద కలిసిన పసుపు రంగు. ఇవి కొండలు కావు. రాయిని పిండి చేసి బంగారం తీసుకొన్న తరువాత పారబోసిన మడ్డి. స్థానికులు వీటిని సైనైడు దిబ్బలు అంటారు. సినిమాలవారు వచ్చి పాటలు తీసుకొనేది వీటి మీదనే. మా వాళ్ళలో ఒకడు ఆ దిబ్బను చూసి, "బంగారమంతా అయిపోయింది గనుకనే గని మూసేశారా, సార్?" అని అడిగాడు.

కాలేదు. లోపల ఇంకా ఉన్నది. ఆ మాటకు వస్తే ఆ దిబ్బలో కూడా కొంత ఉన్నది. మరి ఎందుకు మూశారు? ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం వెదుక్కుంటూ ఊరు తిరిగితే చూడవలసినవన్నీ చూసినట్లే.

ముందు ఆ దిబ్బ సంగతే చూద్దాము. కోలారు బంగారం ఏటి ఇసుకలోని రేణువుల వంటిది కాదు. నల్లని గట్టి శిలలలో నిలువుగా దిగిన పలుగురాతి పట్టీలలో, కంటికి కనబడనంత సన్నగా చెదరి ఉంటుంది. 1802లో జాన్ వారెన్ అనే సైనికాధికారి సరిహద్దు కొలతలకు వచ్చినప్పుడు ఇక్కడి పల్లె ప్రజలు రాయి దంచి, మన్ను కడిగి బంగారం తీయడం చూశాడు. ఎనభై ఏళ్ళ తరువాత, 1880లో, జాన్ టేలర్ కంపెనీ యంత్రాలతో చేసినదీ ప్రాథమికంగా అదే పని: దంచడం, కడగడం. రోకళ్ళు మాత్రం ఇనుపవి, ఆవిరితో లేచి పడేవి. దంచిన పొడిని పాదరసం పూసిన రాగి రేకులపై పారిస్తే బంగారం పాదరసాన్ని అంటుకొంటుంది. అయితే సన్నని రేణువులు చాలా భాగం జారిపోయేవి. 1887లో గ్లాస్గో నగరంలో కనుగొన్న పద్ధతి ఈ నష్టాన్ని తప్పించింది. పలుచని సైనైడు ద్రావణంలో, గాలిలోని ఆక్సిజన్ సహాయంతో, బంగారం కరిగిపోతుంది! రాజోదకంలో తప్ప కరగదని మనం పాఠం చెప్పే లోహం ఇక్కడ చక్కెరవలె కలిసిపోతుంది. ఆ ద్రావణంలో జింకు పొడి వేస్తే జింకు కరిగి బంగారం బయటికి వస్తుంది. తొమ్మిదవ తరగతి పిల్లవాడు మైలుతుత్తపు నీటిలో ఇనుపమేకు పెట్టి రాగిపూత చూస్తాడే, అదే సూత్రం.

గనుల జీవితకాలమంతటిలో సుమారు 5 కోట్ల టన్నుల రాయినుండి 800 టన్నుల బంగారం తీశారు. అంటే టన్నుకు సగటున 16 గ్రాములు. సగటు కంటె క్రమం ముఖ్యం. తొలి సంవత్సరాలలో టన్నుకు 40 గ్రాములకు పైగా దొరికినది, చివరి దశలో 3 గ్రాములకు పడిపోయింది. టన్ను రాయి అంటే పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్కటి 70 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువగా ఉండే దిమ్మ. అందులో మూడు గ్రాముల బంగారమంటే ఒక శనగగింజంత. ఆ శనగగింజను కూడా ఒక్కచోట కాక దిమ్మ అంతటా చల్లి ఉంచిందనుకోండి. దానికోసం దిమ్మనంతా పైకి తెచ్చి మెత్తగా విసరవలసిందే.

పైకి తెచ్చి అన్నాను. ఎంత లోతునుండి? ఈ లెక్క అర్థం కావడానికి షాఫ్టుల పైన నిలబడి ఉన్న ఇనుప గోపురాలను చూడాలి. కంచె బయటినుండి చూడనిస్తారు. ఆ గోపురం మీది పెద్ద చక్రం మీదుగా ఉక్కుతాడు దిగి మనుషుల బోనును, రాళ్ళ తొట్టిని మోసేది. ఛాంపియన్ రీఫ్ గని సుమారు 3.2 కిలోమీటర్ల లోతుకు చేరింది. ప్రపంచంలో అత్యంత లోతైన గనులలో ఒకటిగా అది పేరు పొందింది. గద్వాల కోట బురుజు ఎత్తుతో దీన్ని పోల్చి లాభం లేదు. గద్వాల ఊరిలో ఈ కొసనుండి ఆ కొసకు నడిచేంత దూరాన్ని నిట్టనిలువుగా క్రిందికి త్రిప్పి ఊహించుకోవాలి.

అంత లోతున రాయి వేడి 65 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతం. ఇక్కడొక వింత ఉన్నది. భూమిలో సామాన్యంగా కిలోమీటరుకు 25, 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. ఆ లెక్కన 3.2 కిలోమీటర్ల లోతున రాయి నూరు డిగ్రీలు దాటాలి. కోలారులో పెరుగుదల 12 డిగ్రీలే. ఈ శిలాప్రాంతం అత్యంత ప్రాచీనమైనది, దృఢంగా చల్లబడినది. రేడియో ధార్మికత వలన వేడి పుట్టించే మూలకాలు కూడా ఈ నల్లరాతిలో బహు తక్కువ. ఈ భాగ్యం లేకుంటే అంత లోతుకు దిగడం సాధ్యమయ్యేది కాదు. పోనీ పైనుండి చల్లని గాలి పంపుదామంటే మరొక చిక్కు. గాలి దిగేకొద్దీ తన పైనున్న గాలి బరువుకు నొక్కుకొని వేడెక్కుతుంది. కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు. సైకిలు పంపు మొన వేడెక్కడం మీరు ఎరిగినదే. అందుచేత గాలిని యంత్రాలతో చల్లబరచి పంపవలసి వచ్చింది. దానికి విద్యుత్తు ఖర్చు.

విద్యుత్తు ప్రస్తావన వచ్చింది గనుక చెబుతాను. కావేరి నదిపై శివనసముద్రం జలపాతం వద్ద పుట్టించిన విద్యుత్తు 1902లో దాదాపు 148 కిలోమీటర్ల తీగలమీద మొదట వచ్చి చేరినది ఈ గనులకే. బెంగుళూరు వీధులలో దీపాలు వెలిగినది 1905లో. అంత పొడవైన తీగ ఆనాడు ప్రపంచంలోనే అరుదు.

వేడికన్న భయంకరమైనది రాతి బరువు. మూడు కిలోమీటర్ల లోతున ఒక్కొక్క చదరపు మీటరుపై దాదాపు ఎనిమిది వేల టన్నుల భారం ఉంటుంది. రాయిని తొలిచి ఖాళీ చేసినప్పుడు ఆ భారం చుట్టుప్రక్కల గోడలమీదికి మళ్ళుతుంది. గోడ కొంతకాలం ఓర్చుకొని, ఒక్కసారిగా పెటిల్లున పేలుతుంది. కోలారు పెళుసు రాతిలో ఇవి తరచుగా జరిగేవి, ప్రాణనష్టం కలిగించేవి. పైన ఊరిలో ఇండ్ల గోడలు బీటలు వారేవి, గిన్నెలు మ్రోగేవి. అది విని లోపల పనికి వెళ్ళిన వారి ఇండ్లవారు షాఫ్టు దగ్గరకు పరుగెత్తేవారని రైలులో కలిసిన ఆ పెద్దాయన చెప్పారు. జాతీయ శిలాయాంత్రిక సంస్థను 1988లో ఈ ఊరిలోనే స్థాపించడం యాదృచ్ఛికం కాదు.

ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్నకు సమాధానం దాదాపు పూర్తయింది. రాతిలో బంగారం తగ్గుతూ పోయింది. దాన్ని తెచ్చే లోతు, దానితో ఖర్చు, ప్రమాదం పెరుగుతూ పోయినవి. మైసూరు ప్రభుత్వం 1956లో గనులను జాతీయం చేసింది. 1962లో కేంద్రం స్వీకరించింది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడింది. యజమాని మారినా శనగగింజ పెద్దది కాలేదు. గ్రాము బంగారం తీయడానికయ్యే ఖర్చు ఆ గ్రాము ధరను దాటిననాడు, అర్థశాస్త్రం దృష్టిలో అక్కడ బంగారం లేనట్లే. "ఖనిజం" అనే మాటలో శిల ఎంతో, ధర అంతే. అందుకే ధర పెరిగిన నేడు పారబోసిన దిబ్బలవైపు చూపులు మళ్ళినవి. వాటిలో ఉన్నది టన్నుకు గ్రాముకన్న తక్కువే. కాని తవ్వే పని లేదు, దంచే పని లేదు. 13 దిబ్బలలో తిరిగి బంగారం తీయడానికి కర్ణాటక ప్రభుత్వం 2024 జూన్‌లో అంగీకారం తెలిపింది. అది జరిగితే ఊరికి కొంత పని దొరకవచ్చు. గాలికాలంలో ఇండ్లమీద పడే దుమ్ము సంగతి ఏమవుతుందో ఆ పని చేసే తీరును బట్టి ఉంటుంది. సన్నని పలుగుపొడి ఊపిరితిత్తులను గట్టిపరచి సిలికోసిస్ అనే వ్యాధి కలిగిస్తుంది. ఈ ఊరి గనికార్మికులు దానికి బాగా పరిచితులు. కనుక ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి: పిల్లలను దిబ్బలెక్కనివ్వకండి. మావాళ్ళు మొదట నామీద అలిగారు, గాలి లేచిన తరువాత అలుక తీరింది.

ఈ లోతు ఒక శాస్త్రానికి మాత్రం వరమైనది. ఆకాశంనుండి విశ్వకిరణాలు నిరంతరం మనమీద పడుతుంటాయి. వాటి సందడిలో న్యూట్రినో అనే అతి సూక్ష్మకణపు జాడ పట్టడం, తిరునాళ్ళలో చీమ నడక వినడం వంటిది. రెండు కిలోమీటర్లకు పైగా రాయి అడ్డముంటే ఆ సందడి దాదాపు అణగిపోతుంది. న్యూట్రినోకు మాత్రం రాయి అడ్డు కాదు, భూగోళాన్నే దాటిపోతుంది. టాటా మౌలిక పరిశోధన సంస్థవారు జపాను, ఇంగ్లండు శాస్త్రజ్ఞులతో కలిసి 2.3 కిలోమీటర్ల లోతున పరికరాలు అమర్చారు. పైనుండి కాక అడ్డంగా దూసుకొనివచ్చే కణాలు చుట్టుప్రక్కల రాతిలో న్యూట్రినోలు పుట్టించినవే అయి ఉండాలి. వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడను 1965లో ఇక్కడ పట్టుకొన్నారు. దక్షిణాఫ్రికాలో మరొక బంగారు గనిలో మరొక బృందం అదే సంవత్సరం పట్టుకొన్నది. గని మూతతో ఆ ప్రయోగశాల కూడా పోయింది. పైన చూపడానికేమీ లేదు. అయినా షాఫ్టు గోపురం వద్ద పిల్లలను నిలబెట్టి ఈ కథ చెప్పండి.

ఇక సామాన్య యాత్రికులు చూసేవి: తెల్లదొరల బంగళాలు, క్లబ్బు, చర్చీలు, ఊరి దాపున కమ్మసంద్రలోని కోటిలింగేశ్వరాలయం. అవి తప్పక చూడవచ్చు. త్రోవ అడిగితే ఎవరైనా చెబుతారు. త్రోవ ఎవరూ చెప్పనిది పెద్దపల్లి దగ్గరి శిల. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. అగ్నిపర్వతం వెదజల్లిన రాతిముక్కలు, నీటి అడుగున పొంగి దిండ్లవలె గడ్డకట్టిన లావా ఇక్కడ శిలలైనవి. వయస్సు సుమారు 270 కోట్ల సంవత్సరాలు. కోలారు బంగారానికి ఆశ్రయమిచ్చినది ఇటువంటి లావాశిలలే.

ఇవి మనకు కొత్తవి కావు. గద్వాల మీదుగా కృష్ణా తుంగభద్రల నడుమ సాగే ముదురుపచ్చని శిలల పట్టీ కూడా దాదాపు అదే కాలపు లావా. భూగర్భ శాస్త్ర గ్రంథాలలో దాని పేరే గద్వాల షిస్టు పట్టీ. మన పొరుగున రాయచూరు జిల్లాలో, హట్టి వద్ద, అటువంటి పట్టీలోనే నేటికీ బంగారం తీస్తున్నారు. గద్వాల పట్టీలోనూ కొద్దిపాటి ఆనవాళ్ళు కనిపించినవి. ఈ మాట చెప్పగానే తరగతిలో కలకలం బయలుదేరుతుంది. శనగగింజ లెక్క అప్పుడు మళ్ళీ చెప్పాలి. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఎక్కువగా ఉండేవి గ్రానైటు గుట్టలు, అమ్రాబాదు పీఠభూమి గట్టిపడిన ఇసుకరాయి. వాటి కథ వేరు. యాత్ర ముగిసి వచ్చిన వారం, ప్రశ్న అడిగిన ఆ పిల్లవాడే వాళ్ళ చేనుగట్టుమీది తెల్లని పలుగురాయి ఒకటి, దాని ప్రక్కన దొరికిన నల్లపచ్చ రాయి ఒకటి సంచిలో వేసుకొని తెచ్చాడు. పలుగులో బంగారం లేదు. నల్లపచ్చ రాయిని నీటితో కడిగి, పెద్దపల్లిలో తీసిన ఫోటోల ప్రక్కన పెట్టి చూశాము.