జబ్బు చేసిన పిల్లి మూల ఎందుకు వెతుక్కుంటుంది?

పిల్లి వేటాడే జంతువే కానీ, తనకన్నా పెద్దవాటికి ఆహారం కూడా. అందుకే నొప్పిని బయటపెట్టదు. మంచం కిందో, బియ్యం డబ్బా వెనకో నక్కుతుంది. ముసలి పిల్లుల్లో తరచూ దెబ్బతినేవి మూత్రపిండాలు. గిన్నెలో నీళ్లు మాటిమాటికీ ఖాళీ అవుతాయి, ఒళ్లు చిక్కుతుంది, నాకి శుభ్రం చేసుకోక బొచ్చు అట్టకడుతుంది. ఏళ్లతరబడి పాడైన మూత్రపిండం మళ్లీ బాగుపడదు. మందులు, సెలైన్ కొంతకాలం ఊరటనిస్తాయి, అంతే.

అవీ పనిచేయక, తిండి మానేసి బాధపడుతుంటే పశువైద్యులు నొప్పి తెలియని మరణం గురించి ఇంట్లోవాళ్లతో మాట్లాడతారు. ముందు మత్తు ఇస్తారు. పిల్లి నిద్రలోకి జారాక, మోతాదు మించిన మత్తుమందు ఎక్కిస్తే కొద్ది నిమిషాల్లోనే గుండె ఆగుతుంది. ఆ సమయంలో దాన్ని నిమురుతూ పక్కనే ఉండవచ్చు. కళ్లు సాధారణంగా తెరిచే ఉంటాయి. భయపడనక్కర్లేదు: రెప్ప వాలాలన్నా కండరం పనిచేయాలి.