పాత రూపం, కొత్త బ్రేకు

గుండ్రని హెడ్‌లైటు, ఉబ్బెత్తు పెట్రోలు ట్యాంకు - 'హంటర్ 350' తాతలనాటి మోటారు సైకిలులా కనిపిస్తుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ దీన్ని యువకుల కోసం 2022లో, సుమారు లక్షన్నర రూపాయల ప్రారంభ ధరతో విడుదల చేసింది. రూపం పాతదే, బ్రేకు మాత్రం ఈ కాలపుది!

దొర్లే చక్రం నేలను తాకేచోట జారదు. అక్కడ స్థైతిక ఘర్షణ పనిచేస్తుంది. తడిరోడ్డుపై గట్టిగా బ్రేకు నొక్కితే చక్రం బిగుసుకుపోయి జారుతుంది. జారుడు ఘర్షణ స్థైతిక ఘర్షణ కంటె తక్కువ కనుక పట్టు తప్పి బండి పడిపోవచ్చు.

దీన్ని నివారించేదే 'ఎ.బి.ఎస్.' ఏర్పాటు. ముందుచక్రం వేగాన్ని ఒక సెన్సారు కనిపెడుతుంటుంది. చక్రం బిగుసుకోబోతే ఈ ఏర్పాటు బ్రేకు ఒత్తిడిని సడలించి, మళ్లీ పెంచుతుంది - సెకనుకు ఎన్నోసార్లు! చక్రం దొర్లుతూనే ఉంటుంది.

అయినా లేని ఘర్షణను ఎ.బి.ఎస్. పుట్టించలేదు. తడిలో వేగం తగ్గించవలసింది నడిపేవారే.