ముందు నీళ్లు, తరువాత చేపలు



మా చిన్నమ్మాయి తొమ్మిదవ పుట్టినరోజున మేము మిర్యాలగూడ వెళ్లి ఒక గాజు తొట్టిని, పద్దెనిమిది రంగుచేపలను ఒకే సాయంత్రం తెచ్చాము. చేపలున్న కవర్లు ఒళ్లో పెట్టుకొని బస్సులో మాడుగులపల్లి చేరేసరికి రాత్రి ఎనిమిదయింది. తొట్టిలో గులకరాళ్లు పోసి, బోరు నీళ్లు నింపి, చేపలను వదిలాము. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ త్వరగా పడుకోలేదు.

నాలుగవ రోజున ఒక చేప వెల్లకిలా తేలింది. ఆరవ రోజున ఐదు. నీళ్లు మురికైనవి గనుక ఇలా జరుగుతున్నదని తలంచి, తొట్టి అంతా ఖాళీ చేసి, రాళ్లను, గాజును, ఫిల్టరు స్పాంజిని సబ్బుపొడితో శుభ్రంగా తోమి, మళ్లీ కొత్త నీళ్లు నింపాను. పదవ రోజు ఆదివారం. ఆరాధన ముగించుకొని ఇంటికి వచ్చేసరికి రెండే మిగిలాయి. "డాడీ, మనం ఏం తప్పు చేశాం?" అని అమ్మాయి అడిగింది. మంచి పిల్ల గనుక "మనం" అన్నది. చేసినవాడిని నేనే.

దుకాణంవారిని అడిగితే, "చేపలంటే అంతేనండీ, పోయినవి పోగా ఉన్నవి ఉంటాయి" అని చెప్పి ఇంకో పది ఇవ్వబోయారు. నేను తీసుకోలేదు. ఏదో కారణం లేకుండా పద్దెనిమిదిలో పదహారు చావవు గదా.

ఆ కారణాన్ని నాకు మొదట అర్థమయ్యేటట్టు చెప్పినది పుస్తకం కాదు, మా సంఘపెద్దలలో ఒకాయన. ఎడమ కాలువ క్రింద వరి పండించే మనిషి. తొట్టి దగ్గర నిలబడి సంగతంతా విని, "జీలుగ దున్నిన మర్నాడే నాటు ఏస్తమా అయ్యగారూ? మురగాలె గద" అన్నాడు. ఆయనకు అక్వేరియం సంగతి ఏమీ తెలియదు. అయినా విషయం సరిగ్గా అదే.

చేప తిన్నది విసర్జిస్తుంది. మొప్పల ద్వారా కూడా అమ్మోనియాను వదులుతుంది. మనం యూరియా చల్లినప్పుడు మడిలో తయారయ్యేది కూడా ఈ అమ్మోనియాయే. పైరుకు అది ఎరువు, చేపకు విషం. చెరువులోనైతే నేలలో, రాళ్లమీద, మొక్కలమీద ఉండే కంటికి కనబడని బాక్టీరియాలు ఆ అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి. నైట్రైటు కూడా విషమే. అది చేప రక్తంలో చేరి ప్రాణవాయువును మోయనీయదు, అందువల్ల చేప నీటిపైకి వచ్చి నోరు తెరుస్తూ ఆయాసపడుతుంది. అప్పుడు మరొక రకపు బాక్టీరియాలు నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు అంత హానికరం కాదు, మొక్కలు దానిని తీసుకుంటాయి. ఈ పని చేసే సూక్ష్మజీవులను 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త సెర్గెయ్ వినోగ్రాడ్‌స్కీ విడదీసి చూపించాడు. కొత్త తొట్టిలో ఈ రెండు రకాలూ ఉండవు. అవి చాలినంతగా పెరగడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. నేను మొదటి రోజే పద్దెనిమిది చేపలను వేశాను. అప్పుడప్పుడే మొలకెత్తుతున్న కొద్దిపాటి బాక్టీరియాలను కూడా ఆరవ రోజున సబ్బుపొడితో కడిగివేశాను.

ఇందులో మన ప్రాంతం వారికి మరొక చిక్కు ఉన్నది. మన నల్గొండ జిల్లా నీటి సంగతి లోకమంతటికీ తెలిసినదే. పటికతో, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థ రూపొందించినప్పుడు దానికి "నల్గొండ టెక్నిక్" అని మన జిల్లా పేరే పెట్టారు. మన బోర్లలో చాలావాటి నీరు క్షారగుణం కలది, గట్టిది. గట్టి నీటిని గుర్తించడానికి ప్రయోగశాల అక్కరలేదు. పప్పు త్వరగా ఉడకదు, సబ్బు నురగ రాదు, నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కడుతుంది. క్షారగుణాన్ని పీహెచ్ అనే కొలతతో చెబుతారు. పీహెచ్ 7 ఉన్న నీటిలో కంటె 8 ఉన్న నీటిలో అదే అమ్మోనియా దాదాపు పదింతలు విషంగా పనిచేస్తుంది. ఎండ వేడికి ఇంకా పెరుగుతుంది. కాబట్టి మెత్తని నీళ్లున్న ఊరిలో ఒకడు తొందరపడినా ఎలాగో తప్పించుకోవచ్చును గాని, మన బోరు నీళ్లు అలాంటి తొందరను క్షమించవు.

ఇళ్లకు వచ్చే మిషన్ భగీరథ నీళ్లు వాడవచ్చునా అని కొందరు అడుగుతారు. వాడవచ్చును గాని అందులో క్లోరిన్ ఉంటుంది, అది చేప మొప్పలను కాల్చివేస్తుంది, బాక్టీరియాలను చంపుతుంది. వెడల్పాటి బకెట్టులో ఒక పగలు, ఒక రాత్రి మూత లేకుండా ఉంచితే చాలామట్టుకు పోతుంది. దుకాణాల్లో అమ్మే క్లోరిన్ విరుగుడు చుక్కలు వేస్తే మరీ మంచిది. క్యాన్లలో అమ్మే ఆర్ఓ నీళ్లు మాత్రం అచ్చంగా పోయవద్దు. అందులో లవణాలు దాదాపుగా ఉండవు, నేను చెప్పబోయే చేపలకు ఆ లవణాలే కావాలి.

రెండవసారి మేము చేసిన విధానం ఇది. తొట్టి పొడవు 2 అడుగులు, వెడల్పు ఒక అడుగు, ఎత్తు ఒక అడుగు. ఇందులో సుమారు 50 లీటర్ల నీరు పడుతుంది. రాళ్లు, గాజుతో కలిపి బరువు 60 కిలోలు దాటుతుంది గనుక ఊగే టీపాయి మీద పెట్టకండి. గట్టి బల్లమీద థర్మోకోల్ షీటు పరచి పెట్టాలి. కిటికీ ఎండ నేరుగా పడితే వారం తిరగకుండా నాచు పడుతుంది. అడుగున రెండు అంగుళాల మందాన గులకరాళ్లు పరచాలి. వాటిని వట్టి నీళ్లతోనే పదిసార్లు కడగాలి, సబ్బు తగలరాదు. ఇక్కడ నాపరాయి, సున్నపురాయి ఎక్కువ గనుక రాయిమీద నిమ్మరసం పిండి చూడండి. బుసబుసమని పొంగితే సున్నపురాయి, అది నీటిని ఇంకా గట్టిపరుస్తుంది. గాలి మోటారు, స్పాంజి ఫిల్టరు తప్పనిసరి. మోటారును నీటిమట్టానికి పైన పెట్టాలి. లేకుంటే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలో వెనక్కు పారి మోటారులోకి దిగుతాయి. మాకు ఒక మోటారు అలాగే పాడయింది.

కొన్ని మొక్కలు కూడా వేయండి. కాలువల్లో, చెరువుల్లో పెరిగే హైడ్రిల్లా చాలును. అయితే జలగలు, నత్త గుడ్లు వెంట వస్తాయి గనుక లేత గులాబీరంగు పొటాషియం పర్మాంగనేట్ నీళ్లలో పది నిమిషాలు ఉంచి కడగాలి. మొక్కలు, చేపలు ఒకదానికొకటి ఆధారమనే సంగతిని లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త 1850లో ప్రకటించాడు. ఆయన తొట్టిలో ఉన్నవి రెండు బంగారు చేపలు, ఒక నీటిమొక్క, కుళ్లిన ఆకులను తినడానికి కొన్ని నత్తలు. "అక్వేరియం" అనే మాటను ఇంటింటికి చేర్చినవాడు ఫిలిప్ హెన్రీ గోస్. ఆయన 1854లో ఆ పేరుతో పుస్తకం వ్రాశాడు. గోస్ బ్రదరన్ సహవాసానికి చెందిన ప్రసంగీకుడు కూడా. ప్రసంగాలు తయారు చేసుకొనేవాడికి చేపల తొట్టి ఎందుకని నన్ను ఎగతాళి చేసేవారికి ఆయన పేరు చెబుతుంటాను.

తొట్టి అమర్చిన తరువాత అసలు కష్టమైన పని మొదలవుతుంది. అదేమనగా ఏమీ చేయకుండా ఉండుట. చేపలు లేని తొట్టిలో రోజూ చిటికెడు చేపల మేత వేయాలి. అది కుళ్లి అమ్మోనియా అవుతుంది, దానిని తిని బాక్టీరియాలు పెరుగుతాయి. మా అమ్మాయి క్యాలెండరు మీద రోజులు కొట్టివేస్తూ వచ్చింది. వచ్చినవారందరూ "చేపలేవి?" అని అడుగుతుంటే మొదట సిగ్గుపడింది, తరువాత తానే వివరించడం మొదలుపెట్టింది. అక్వేరియం దుకాణాల్లో అమ్మోనియా, నైట్రైటు పరీక్షించే చుక్కలమందు దొరుకుతుంది. మొదట అమ్మోనియా పెరిగి తగ్గింది, తరువాత నైట్రైటు పెరిగి తగ్గింది. మేత వేస్తూనే ఉన్నా రెండూ సున్నాకు వచ్చినది ముప్పై ఎనిమిదవ రోజున. తెలిసినవారి పాత తొట్టిలోని స్పాంజి ముక్క తెచ్చి వేసుకుంటే ఇంకా త్వరగా అవుతుంది.

ఇక ఏ చేపలు? ఇక్కడే మన గట్టి నీళ్లు మనకు ఉపకారం చేస్తాయి. దుకాణంలో అందరి కళ్లు నీలం, ఎరుపు గీతలతో మెరిసే నియాన్ టెట్రాల మీద పడతాయి. అవి అమెజాన్ ప్రాంతపు మెత్తని నీటి చేపలు. మన బోరు నీళ్లు వాటికి పడవు, నా పద్దెనిమిదిలో ఎనిమిది అవే. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ అనేవి మాత్రం గట్టి నీటిలోనే హాయిగా ఉంటాయి. గప్పీకి ఆ పేరు ట్రినిడాడ్ దీవి నుండి దానిని లండనుకు పంపిన గప్పీ అనే ఆయనను బట్టి 1866లో వచ్చింది. వీటికి తోడుగా జీబ్రా డానియో మంచిది. ఇది మన దేశపు చేపే, వాగుల్లోను వరి మళ్లలోను బ్రతికేది. మనుష్యుల జన్యువుల్లో సుమారు 70 శాతానికి సాటివి దీనిలో ఉన్నాయని 2013లో తేలింది, ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో దీనిని పెంచుతున్నారు.

ఒక తొట్టిలో కలిసి ఉండవలసిన చేపలు ఒకదానినొకటి తినకూడదు, కొరకకూడదు. అందంగా ఉన్నవని టైగర్ బార్బులను తెచ్చి గప్పీలతో వేస్తే తోకలు మిగలవు. రెండు మగ ఫైటర్ చేపలు ఒకచోట ఉండలేవు. "వాస్తు చేప" అని వేలకు వేలు పలికే ఫ్లవర్‌హార్న్ తన తొట్టిలో ఇంకొక చేపను బ్రతకనివ్వదు. ఇంటికి ఏమి కలిసివస్తుందో గాని, తోటి చేపలకు మాత్రం కలిసిరాదు.

మా 50 లీటర్లకు మేము ఎంచుకున్నవి నాలుగు మగ గప్పీలు, మూడు ప్లాటీలు, ఐదు డానియోలు, మొత్తం పన్నెండు. ఒక్కసారి తేలేదు. మొదట గప్పీలు, రెండు వారాల తరువాత ప్లాటీలు, మరి రెండు వారాలకు డానియోలు. బాక్టీరియాలు కూడా కుటుంబంతోపాటు పెరగాలి గదా. తెచ్చిన కవరును ఇరవై నిమిషాలు తొట్టి నీటిమీద తేలనిచ్చి, తరువాత ఐదేసి నిమిషాలకు ఒక గ్లాసెడు తొట్టి నీళ్లు కవరులో కలుపుతూ, చివరకు చేపలను మాత్రమే వలతో తీసి వదలాలి. దుకాణం నీళ్లు తొట్టిలో పోయకూడదు. డానియోలు ఎగురుతాయి, మూత ఉంచండి. గప్పీ, ప్లాటీ ఆడచేపలు గుడ్లు పెట్టవు, సుమారు నెలకొకసారి పిల్లలనే కంటాయి. ఒంటరిగా తెచ్చిన ఆడచేప కూడా కొన్ని నెలలపాటు కంటూనే ఉంటుంది. అందుకే ముందు మగ గప్పీలు.

తరువాతి పని తేలిక. రెండు నిమిషాల్లో తినగలిగినంతే మేత రోజుకొకసారి. వారంలో ఒక రోజు పస్తు పెట్టినా నష్టం లేదు. వారానికొకసారి నాల్గవ వంతు నీళ్లు గొట్టంతో తీసి, అంతే కొత్త నీళ్లు పోయాలి. తీసిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోస్తే ఎరువే. స్పాంజిని ఆ తీసిన నీళ్లలోనే పిండాలి, కుళాయి క్రింద కాదు. కరెంటు ఎక్కువసేపు పోతే మేత ఆపి, చెంబుతో నీళ్లు తీసి కొంచెం ఎత్తునుండి పోస్తూ ఉండండి. మే నెలలో మన ఎండలకు నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. మూత తీసి, పైన వల కప్పి, ఫ్యాను గాలి తగలనివ్వండి. కొత్త చేపలను ఆ నెలలో తేవద్దు.

ఒక్క సంగతి గట్టిగా చెబుతాను. పెంచలేమని అనిపించినా చేపలను కాలువలో, చెరువులో వదలవద్దు. గాజుమీది నాచు తింటుందని చెప్పి చేతిలో పెట్టే "సక్కర్" చేప వేలెడంతే ఉంటుంది గాని, అడుగు దాటి పెరుగుతుంది. అలా పెరిగిందని జనం వదిలినవి నేడు మన రెండు రాష్ట్రాల నదుల్లోను చెరువుల్లోను విస్తరించి, ముళ్లతో బెస్తవారి వలలను చింపుతున్నాయి. అమ్ముకుందామంటే కొనేవారు లేరు. తొట్టిలో ఎక్కువైన చేపలను తిరిగి దుకాణానికి ఇవ్వండి, లేదా ఇంకొక ఇంటికి ఇవ్వండి.

మా ప్లాటీలు ఈ మధ్య పిల్లలు పెట్టాయి. పెద్దవి తినగా హైడ్రిల్లా చాటున ఏడు మిగిలాయి. జీలుగ మాట చెప్పిన ఆ పెద్దాయన తన మనుమడి కోసం తొట్టి కొన్నాడు. ఆ పిల్లవాడు రోజూ బడినుండి వచ్చేటప్పుడు మా ఇంట్లోకి తొంగి చూసి, "అయ్యగారూ, మా నీళ్లకు ఇయ్యాల్టికి ఇరవై రెండు రోజులు" అని లెక్క చెప్పి పోతున్నాడు. ఆ ఏడింటిలో మూడు వాడివేనని మా అమ్మాయి ఇప్పటికే మాట ఇచ్చింది.