బయోచార్, బాక్టీరియాలతో చెరువు నీటి శుద్ధి

హైదరాబాదులోని హుస్సేన్‌సాగర్‌లోకి కూకట్‌పల్లి నాలా వంటి నాలాల ద్వారా ఇళ్ల మురుగు, పరిశ్రమల వ్యర్థజలాలు దశాబ్దాలుగా చేరుతూ వచ్చాయి. ఇటువంటి నీటిలో మూడు రకాల కాలుష్యకాలను మీరు గుర్తించాలి: సేంద్రియ వ్యర్థాలు; అమ్మోనియా, ఫాస్ఫేట్ వంటి పోషకాలు; సీసం, కాడ్మియం వంటి భారలోహాలు. వీటన్నింటినీ ఒకే పద్ధతితో తొలగించడం కష్టం. అందుకే బయోచార్‌నూ బాక్టీరియాలనూ కలిపి వాడతారు.

బయోచార్ చేసే పని

వరి ఊక, పత్తి కట్టె వంటి వ్యవసాయ వ్యర్థాలను గాలి అతి తక్కువగా ఉండే బట్టీలో సుమారు 300–700 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేస్తే బయోచార్ తయారవుతుంది. దీనినిండా సూక్ష్మరంధ్రాలు ఉండటం వల్ల ఉపరితల వైశాల్యం చాలా ఎక్కువ. నీటిలోని అణువులు, అయాన్లు ఈ ఉపరితలానికి అంటుకోవడాన్ని అధిశోషణం అంటారు. ఇళ్లలోని నీటి ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్ చేసే పని కూడా ఇదే. బయోచార్ ఉపరితలంపై సాధారణంగా రుణావేశం ఉంటుంది. కాబట్టి సీసం, అమ్మోనియం వంటి ధన అయాన్లను బాగా పట్టుకుంటుంది. ఫాస్ఫేట్‌ను అంతగా పట్టుకోదు. ఫాస్ఫేట్ కోసం ఇనుము లేదా మెగ్నీషియం లవణాలు చేర్చిన బయోచార్ వాడతారు.

బాక్టీరియాలు చేసే పని

అధిశోషణం కాలుష్యకాన్ని పట్టి ఉంచుతుందే తప్ప నశింపజేయదు. ఆ పని బాక్టీరియాలది. అవి బయోచార్‌పై జిగురు పొరగా పెరుగుతాయి. దీన్ని బయోఫిల్మ్ అంటారు. నైట్రోసోమోనాస్ అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రోబాక్టర్ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. ఆక్సిజన్ అందని లోపలి పొరల్లో కొన్ని సూడోమోనాస్ జాతులు నైట్రేటును నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలోకి వదులుతాయి. బయోచార్ పట్టుకున్న అమ్మోనియం ఇలా ఖర్చవుతున్న కొద్దీ, ఆ స్థానాలు కొంతవరకు మళ్లీ ఖాళీ అవుతాయి. రెండింటినీ కలపడంలోని ప్రయోజనం ఇదే.

పరిమితులు

1. ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్ నైట్రేటుగా మారడానికి సుమారు 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి. నీటికి గాలి అందించకపోతే ఆక్సిజన్ తగ్గి చేపలు చనిపోవచ్చు.

2. లోహాలు మూలకాలు, వాటిని ఏ బాక్టీరియమూ విచ్ఛిన్నం చేయలేదు. లోహాలు పట్టిన బయోచార్‌ను చెరువులోనే వదిలేస్తే, నీటి ఆమ్లత్వం పెరిగినప్పుడు అవి తిరిగి నీటిలో కలవవచ్చు. కాబట్టి బయోచార్‌ను నీటిలో చల్లకుండా సంచుల్లో లేదా వడపోత తొట్లలో నింపి, గడువుకు బయటకు తీయాలి. దాన్ని పొలాలకు ఎరువుగా వాడకూడదు.

3. నాలాల్లోని మురుగును చెరువులో కలవక ముందే శుద్ధి చేయకపోతే, లోపల ఎంత శుద్ధి చేసినా ఫలితం నిలవదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

బాక్టీరియాలను మాత్రమే వదిలిన ఒక చెరువులో అమ్మోనియా తగ్గింది, సీసం తగ్గలేదు. కారణాన్ని రెండు వాక్యాల్లో రాయండి.