జీన్స్ ప్యాంటును ఎన్నాళ్ళకొకసారి ఉతకాలి?



ఒకరోజు నేను జీన్స్ ప్యాంటు వేసుకొని తరగతికి వెళ్ళాను. పాఠం ముగిశాక ఒక విద్యార్థి లేచి, "సార్, జీన్స్‌ను ఆరు నెలల దాకా ఉతకకూడదంటారు, నిజమేనా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. అప్పుడు వెనుక బల్ల నుంచి ఒక విద్యార్థిని, "సార్, మా నాన్నగారికి యాభై రెండేళ్ళు. జీన్స్ కొంటానంటే, 'ఈ వయసులో నాకెందుకమ్మా' అంటున్నారు. ఏం చెప్పమంటారు?" అంది.

ఈ రెండు ప్రశ్నలూ మామూలుగానే కనిపిస్తాయి. కానీ మొదటి ప్రశ్నలో రసాయన శాస్త్రం, సూక్ష్మజీవ శాస్త్రం, నీటి లెక్క ఉన్నాయి. రెండో ప్రశ్నలో కొంత చరిత్ర, మరికొంత ఆరోగ్య శాస్త్రం ఉన్నాయి. వీటిని ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

జీన్స్ బట్ట ప్రత్యేకత ఏమిటి?

జీన్స్ కుట్టే బట్టను డెనిమ్ అంటారు. ఇది ముతక నూలుతో నేసిన దిట్టమైన బట్ట. నేతలో నిలువు దారాలను పడుగు అనీ, అడ్డ దారాలను పేక అనీ అంటారని మీకు తెలుసు. డెనిమ్‌లో పడుగుకు మాత్రమే నీలిరంగు వేస్తారు, పేకను తెల్లగా వదిలేస్తారు. ఒక్కో పేక దారం సాధారణంగా మూడు పడుగు దారాల కిందుగా, ఒక దారం మీదుగా సాగుతుంది. అందుకే బట్ట పైవైపు నీలంగా, లోపలివైపు తెల్లగా కనిపిస్తుంది. బట్ట మీద ఏటవాలు గీతలు ఏర్పడేదీ ఈ నేత వల్లనే.

ఇటువంటి ముతక బట్ట మన దేశానికి కొత్తది కాదు. ఇంగ్లీషులోని 'డంగరీ' అనే మాట ముంబయిలోని డోంగ్రీ ప్రాంతం పేరు నుంచి వచ్చింది. అక్కడ అమ్మిన ముతక నూలుబట్ట నావికుల, కూలీల దుస్తులకు వాడుకలోకి వచ్చింది. అమెరికాలో జేకబ్ డేవిస్ అనే దర్జీ, లెవీ స్ట్రాస్ అనే బట్టల వ్యాపారి కలిసి, జేబుల మూలలు చిరిగిపోకుండా రాగి రివెట్లు బిగించే పద్ధతికి 1873 మే 20న పేటెంటు పొందారు. అంటే జీన్స్ పుట్టుకతోనే కష్టజీవుల దుస్తు. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

రంగు ఎందుకు వెలుస్తుంది?

డెనిమ్‌కు వాడే రంగు ఇండిగో, అంటే మన నీలిమందు. ఒకప్పుడు కడప, నెల్లూరు ప్రాంతాలలో నీలిమొక్కను సాగుచేసేవారు. జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ ఈ రంగు అణు నిర్మాణాన్ని కనుగొన్నాడు. ఆయనకు 1905లో నోబెల్ బహుమతి వచ్చింది. 1897లో కృత్రిమ ఇండిగో మార్కెట్టులోకి వచ్చాక నీలిమొక్క సాగు క్షీణించింది. నేటి జీన్స్‌లో దాదాపు అంతా కృత్రిమ ఇండిగోయే.

ఇండిగో నీటిలో కరగదు. కరగని రంగును నూలుకు ఎలా పట్టిస్తారు? క్షార ద్రావణంలో ఇండిగోను క్షయకరణం చెందిస్తారు. అప్పుడది నీటిలో కరిగే పసుపు-ఆకుపచ్చ రూపంలోకి మారుతుంది. ఆ ద్రావణంలో నూలును ముంచి పైకి తీయగానే గాలిలోని ఆక్సిజన్ తగిలి, ఆక్సీకరణం జరిగి, మళ్ళీ కరగని నీలిరంగు ఏర్పడుతుంది. ఇలా చాలాసార్లు ముంచి తీస్తారు. అయినా రంగు దారం పైపొరలోనే నిలుస్తుంది, మధ్యభాగం తెల్లగానే ఉండిపోతుంది. పైగా ఇండిగోకూ నూలులోని సెల్యులోజ్‌కూ మధ్య బలమైన రసాయన బంధం ఏర్పడదు. రంగు రేణువులు పోగుల మధ్య ఇరుక్కొని ఉంటాయి, అంతే.

కనుక జీన్స్ రంగు నీటిలో కరిగి పోవడం లేదు, రాపిడికి ఊడిపోతోంది. బండ మీద వేసి బ్రష్షుతో గట్టిగా రుద్దినప్పుడు రంగున్న పైపొర అరిగి, తెల్లని మధ్యభాగం బయటపడుతుంది. మోకాళ్ళ దగ్గర, జేబుల అంచుల దగ్గర ముందుగా తెల్లబడేది ఇందుకే. కొత్త జీన్స్‌ను ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని చాలా ఇళ్ళలో నమ్మకం. వేరే రకం రంగులను అద్దేటప్పుడు ఉప్పు సాయపడే మాట నిజమే. కానీ అద్దకం పూర్తయిన ఇండిగోను ఉప్పు పట్టి ఉంచలేదు.

ఉతకకపోతే ఏమవుతుంది?

రంగు నిలవాలంటే తక్కువగా ఉతకాలి. మరి శుభ్రత మాటేమిటి?

అప్పుడే పట్టిన చెమటకు వాసన దాదాపు ఉండదు. మన చర్మం మీద సహజంగా నివసించే బ్యాక్టీరియా ఆ చెమటలోని పదార్థాలను విడగొట్టినప్పుడే వాసన పుడుతుంది. బట్టకు అంటుకొనేవి చెమట, చర్మపు నూనెలు, రాలిన చర్మకణాలు, వాటితోపాటు ఈ బ్యాక్టీరియా.

కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి తన జీన్స్‌ను 15 నెలలపాటు ఉతకకుండా వేసుకున్నాడు. వస్త్ర విజ్ఞాన ఆచార్యురాలు రేచల్ మెక్వీన్ ఆ బట్ట మీది బ్యాక్టీరియాను లెక్కించారు. తర్వాత జీన్స్‌ను ఉతికి, 13 రోజులు వేసుకున్నాక మళ్ళీ లెక్కించారు. రెండు లెక్కలూ దాదాపు సమానంగా వచ్చాయి. కనిపించినవి కూడా మామూలు చర్మ బ్యాక్టీరియాయే. 2011లో ఈ వార్త ప్రపంచమంతా పాకింది. 2014లో లెవీ స్ట్రాస్ సంస్థ అధిపతి చిప్ బర్గ్ తన జీన్స్‌ను ఏడాదిగా ఉతకలేదని ఒక సభలో చెప్పారు. దాంతో 'జీన్స్ ఉతకనక్కర్లేదు' అనే మాట స్థిరపడింది.

కానీ విజ్ఞాన శాస్త్రం చదివేవారు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ ప్రయోగంలో ఉన్నది ఒకే మనిషి, ఒకే ప్యాంటు. జరిగిన చోటు చలి ఎక్కువ, గాలిలో తేమ తక్కువ. అక్కడి ఫలితం విశాఖపట్నంలోనో చెన్నైలోనో వర్తిస్తుందా?

నా అనుభవం చెబుతాను. ఆ వార్త చదివిన ఉత్సాహంలో నేనూ ఒక వానాకాలంలో జీన్స్‌ను నెలన్నరపాటు ఉతకలేదు. రోజూ స్కూటరు మీద ప్రయాణం. తుంపరకు తడిసిన ప్యాంటు రాత్రికి దండెం మీద పూర్తిగా ఆరేది కాదు. ఆ చెమ్మతోనే పొద్దున వేసుకొనేవాణ్ణి. తొడల సందున తామర వచ్చింది. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న పూతమందుతో నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి, రెట్టింపుగా తిరగబెట్టింది. చర్మవైద్యుడు ఆ ట్యూబు చూసి, అందులో స్టీరాయిడ్ కలిసి ఉందనీ, అది దురదను అణచి శిలీంధ్రాన్ని పెంచిందనీ చెప్పారు. పూర్తిగా తగ్గడానికి మూడు నెలలు పట్టింది. ఈలోగా అది మా ఇంట్లో మరొకరికి కూడా సోకింది. పాఠాలు చెప్పే నేనే ఒక ప్రయోగ ఫలితాన్ని దాని పరిస్థితుల నుంచి విడదీసి వాడుకున్నాను. నా తప్పు అదే.

తామరకు కారణం బ్యాక్టీరియా కాదు, శిలీంధ్రం. దానికి వెచ్చదనం, తేమ, గాలి ఆడని చోటు కావాలి. మన వానాకాలంలో బిగుతైన జీన్స్ ఈ మూడింటినీ సమకూరుస్తుంది. మందులకు లొంగని మొండి తామర 2010ల నుంచి మన దేశంలో పెద్ద సమస్యగా మారింది. దాన్ని కలిగించే ఒక శిలీంధ్రానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. ఆ పేరులో మన దేశం పేరు ఉండటం గమనించండి.

నీటి లెక్క

అలాగని రోజూ ఉతకడమూ పరిష్కారం కాదు. ఒక జీన్స్ జత జీవితకాలంలో సుమారు 3,781 లీటర్ల నీరు ఖర్చవుతుందని లెవీ స్ట్రాస్ సంస్థ 2015లో ప్రకటించిన లెక్క. ఇందులో 68 శాతం పత్తి సాగుకు పోతుంది. 23 శాతం కొన్నవారు ఉతకడానికి పోతుంది. పత్తి సాగు మన చేతిలో లేకపోయినా ఉతుకు మన చేతిలోనే ఉంది.

మన ఇంటి లెక్క వేద్దాం. జీన్స్‌ను విడిగా చేత్తో ఉతికి జాడించడానికి 15 లీటర్ల బకెట్లు మూడు, అంటే 45 లీటర్లు అనుకోండి. ఏడాదికి 150 సార్లు వేసుకుంటారనుకుందాం. రెండుసార్లకొకసారి ఉతికితే 75 ఉతుకులు, 3,375 లీటర్లు. ఐదుసార్లకొకసారి ఉతికితే 30 ఉతుకులు, 1,350 లీటర్లు. తేడా 2,025 లీటర్లు. ఇది ఒక్క ప్యాంటు సంగతి.

ఇంకో లెక్క కూడా ఉంది. ఒక జీన్స్‌ను ఒక్కసారి యంత్రంలో ఉతికితే దాదాపు 56,000 సూక్ష్మ పోగులు నీటిలో కలుస్తాయని టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో అంచనా వేశారు. కెనడా ఉత్తర ధ్రువ ప్రాంత సముద్రపు మట్టిలో సైతం నీలి డెనిమ్ పోగులు వారికి కనిపించాయి.

అన్నిటికీ మించి, ఆ బరువైన తడి ప్యాంటును పిండుతున్నది ఎవరు? అమ్మా, పనిమనిషా, మీరేనా? జీన్స్ ఎన్నాళ్ళకు ఉతకాలనే ప్రశ్నకు జవాబు చెప్పే ముందు, ఒకసారి మీరే పిండి చూడండి.

మరి ఎన్నిసార్లకు?

దీనికి ఒకే అంకె లేదు. రోజులు కాదు, వేసుకున్న సార్లు లెక్కపెట్టాలి. చెమట పట్టిందా? మురికి అంటిందా? పూర్తిగా ఆరిందా? ఈ మూడు ప్రశ్నలు వేసుకోవాలి. నేను పాటిస్తున్న పద్ధతి ఇది.

చలికాలంలో, నీడపట్టున కూర్చొని చేసే పని అయితే ఎనిమిది నుంచి పదిసార్లు వేసుకున్నాక. ఎండాకాలంలో, సముద్ర తీర ప్రాంతాల ఉక్కలో మూడు నాలుగుసార్లకు. చెమటతో గానీ వానతో గానీ తడిసి ముద్దయితే ఆ రోజే. ఇంట్లో ఎవరికైనా తామర ఉంటే వారి బట్టలు విడిగా, వేసుకున్న ప్రతిసారీ, 60 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో ఉతకాలి. అప్పుడు రంగు గురించి ఆలోచించకూడదు.

ఉతికేటప్పుడు ప్యాంటును తిరగేయండి. రాపిడి లోపలివైపు పడి, పైరంగు నిలుస్తుంది. మామూలుగా చన్నీళ్ళు చాలు. సాగే రకం జీన్స్‌లో ఎలాస్టేన్ పోగులు ఉంటాయి. వేడికీ బ్లీచింగుకూ అవి త్వరగా చెడిపోతాయి. తిరగేసే ఆరవేయండి, ఎండకు కూడా ఇండిగో వెలుస్తుంది. చిన్న మరక అయితే ఆ చోటు మాత్రమే తడిగుడ్డతో తుడవండి. ఇంటికి రాగానే ప్యాంటును మడతపెట్టి మూల పడేయకుండా గాలి తగిలేలా వేలాడదీయండి. ఫ్రిజ్‌లో గడ్డకట్టించే అరలో పెడితే క్రిములు చస్తాయనే మాట నమ్మకండి. చలికి బ్యాక్టీరియా చాలావరకు నిద్రాణ స్థితిలోకి పోతుంది, వేడి తగలగానే లేస్తుంది. ప్రయోగశాలల్లో బ్యాక్టీరియాను భద్రపరిచేదే గడ్డకట్టించి కదా!

'ఈ వయసులో నాకెందుకు?'

ఇప్పుడు రెండో ప్రశ్న. జీన్స్ యువతకే చెందిన దుస్తు అనే భావన అంత పాతదేమీ కాదు. 1950లలో హాలీవుడ్ సినిమాలు దాన్ని తిరుగుబాటు కుర్రకారుకు గుర్తుగా మార్చాయి. అంతకు ముందు దాన్ని వేసుకున్నవారు గని కార్మికులు, పశువుల కాపరులు. వారిలో అన్ని వయసులవారూ ఉన్నారు.

మన దేశంలో 1990ల మధ్యలో అరవింద్ మిల్స్ సంస్థ 'రఫ్ అండ్ టఫ్' పేరుతో జీన్స్ బట్ట, జిప్పు, రివెట్లు కలిపి ఒక పొట్లంగా అమ్మింది. ఊళ్ళో దర్జీ కుట్టి ఇచ్చేవాడు. నా మొదటి జీన్స్ అలా కుట్టించుకున్నదే. 1995లో ఇరవై ఏళ్ళున్నవారికి ఇప్పుడు యాభై దాటాయి. కాబట్టి జీన్స్ వేసుకున్న నడివయసువారు మిమ్మల్ని అనుకరించడం లేదు. తమ యవ్వనంలో మొదలైన అలవాటును కొనసాగిస్తున్నారు.

అయితే వయసు ఒక విషయంలో జాగ్రత్త కోరుతుంది. చాలామంది, "ఇరవై ఏళ్ళుగా నా సైజు 34 అంగుళాలే" అని గర్వంగా చెబుతారు. జీన్స్ నడుము బొడ్డుకు కిందుగా కూర్చుంటుంది, పైగా సాగుతుంది. పొట్ట పెరిగినకొద్దీ ప్యాంటు కిందికి జారుతుంది కానీ సైజు మారదు. అసలు కొలత వేరే ఉంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన టేపు చుట్టి కొలవాలి. దక్షిణాసియా వారిలో పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే మధుమేహం, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. బిగుతు ప్యాంటు నడుము దగ్గరి నాడిని నొక్కి తొడ పైభాగంలో తిమ్మిరి, మంట కలిగించవచ్చు, పుల్లని త్రేన్పులను పెంచవచ్చు. మధుమేహం ఉన్నవారికి శిలీంధ్ర వ్యాధులు త్వరగా సోకుతాయి. కనుక నడివయసులో జీన్స్ కాస్త వదులుగా, పలుచని బట్టతో ఉండాలి. వేసుకొని కూర్చొని, లేచి, వంగి చూసి కొనాలి.

ఆ అమ్మాయితో నేను చెప్పింది ఇదే: "నాన్నగారికి జీన్స్ కొనమ్మా. కానీ కొనే ముందు టేపుతో ఆయన నడుము కొలువు. 'సైజు కోసం' అని చెప్పు." వారం తర్వాత ఆమె వచ్చి, "98 సెంటీమీటర్లు వచ్చింది సార్. రక్తపరీక్ష చేయించాం, షుగర్ ఉందని తేలింది. మందులు మొదలుపెట్టారు. పొద్దున్నే నడకకు వెళుతున్నారు, జీన్స్ వేసుకొని" అంది.

సారాంశం

1. డెనిమ్ రంగు పోయేది ముఖ్యంగా రాపిడి వల్ల.
2. ఒక ప్రయోగ ఫలితాన్ని అది జరిగిన వాతావరణం నుంచి విడదీసి అన్వయించకూడదు.
3. ఉతకవలసిన సమయాన్ని చెమట, మురికి, తడి నిర్ణయిస్తాయి, క్యాలెండరు కాదు.
4. ప్యాంటు సైజు నడుము కొలత కాదు.

మీరే చేసి చూడండి

1. మీ జీన్స్‌ను పొడిగా ఉన్నప్పుడు, తడిపి నీరు కారడం ఆగాక, పిండిన తర్వాత తూకం వేయండి. ఎంత నీటిని పట్టి ఉంచిందో లెక్కకట్టండి.
2. ఒక నెలపాటు మీ జీన్స్‌ను ఎన్నిసార్లు వేసుకున్నారో, ఎన్నిసార్లు ఉతికారో, ఎన్ని బకెట్ల నీరు వాడారో రాయండి.
3. మీ ఇంట్లో పెద్దవారి నడుము కొలిచి, వారి ప్యాంటు సైజుతో పోల్చండి.