నానా! ఎండ్రకాయకు నీళ్ళు లేకపోతే ఏమవుతుంది?

పసిపిల్లల ప్రశ్నలను మనం సాధారణంగా రెండు రకాలుగా ఎదుర్కొంటాము. తీరిక ఉంటే నవ్వుతాము, లేకపోతే కసురుతాము. ముప్పై ఏళ్ళుగా మదరసాలో పాఠాలు చెబుతున్న నేను కూడా ఇందుకు మినహాయింపు కాదు. గత వర్షాకాలంలో నా మనుమరాలు అడిగిన కొన్ని ప్రశ్నలు నా కళ్ళు తెరిపించాయి. మన ఇళ్ళలోని తల్లిదండ్రులకూ, తాతా అమ్మమ్మలకూ ఉపయోగపడవచ్చునన్న ఉద్దేశంతో ఆ సంగతిని ఇక్కడ వ్రాస్తున్నాను.

మేము మేడ్చల్‌లో ఉంటాము. మా అమ్మాయి తన ఆరేళ్ళ కూతురితో కొంతకాలంగా మా ఇంట్లోనే ఉంటున్నది. అందుకు కారణం నా భార్య అనారోగ్యం. ఆమె కడుపులో గడ్డ ఉన్నదని, అది క్యాన్సర్ అని వైద్యులు తేల్చారు. రెడ్ హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ ఆసుపత్రిలో చికిత్స మొదలైంది. పాపకు ఈ సంగతి తెలియకూడదని పెద్దవాళ్ళమంతా ఒక మాట అనుకున్నాము. దాని ముందు ఎవరూ క్యాన్సర్ అనరాదు. చెప్పవలసి వస్తే ‘సర్తాన్’ అనాలి. ఉర్దూ పత్రికల్లో తప్ప ఇంట్లో ఎన్నడూ వినబడని మాట కనుక పసిదానికి అర్థం కాదని మా నమ్మకం.

షామీర్‌పేట పొలం గట్టు మీద

ఒక శుక్రవారం మదరసాకు సెలవు. ఫజ్ర్ నమాజు తరువాత పాపను స్కూటరు మీద షామీర్‌పేట చెరువు చూపించడానికి తీసుకువెళ్ళాను. నిజాం కాలం నాటి ఆ చెరువు వానలకు నిండుగా ఉన్నది. దిగువన వరి మడుల గట్టు మీద నడుస్తుండగా ఒక బొరియ అంచున ఎండ్రకాయ కనబడింది. కోస్తావారు పీత అంటారు. ఉర్దూలో కేక్డా. పాప అక్కడే గొంతు కూర్చుని ప్రశ్నల వర్షం కురిపించింది.

“నానా, ఇది పక్కకు ఎందుకు నడుస్తోంది?”

మన మోకాలు ముందు వెనుకలకు వంగుతుంది కాబట్టి మనం ముందుకు నడుస్తాము. ఎండ్రకాయ శరీరం వెడల్పుగా ఉంటుంది. కాళ్ళు రెండు పక్కలా అమరి ఉంటాయి. వాటి ముఖ్యమైన కీళ్ళు పక్కకు వంగి పక్కకే చాచుకుంటాయి. ఒక పక్క కాళ్ళు లాగుతాయి, రెండవ పక్క కాళ్ళు నెడతాయి. అందుకే దానికి పక్క నడకే సులభమైన నడక అని చెప్పాను. పాప కాళ్ళు లెక్కపెట్టింది. ఎనిమిది నడిచే కాళ్ళు, పటకారులాంటివి రెండు. మొత్తం పది.

“దీనికి ఎముకలు ఉంటాయా?”

లోపల ఉండవు. సున్నంతో గట్టిపడిన పై డొప్పే దానికి అస్థిపంజరం, అదే కవచం. అయితే డొప్ప పెరగదు, లోపలి శరీరం పెరుగుతుంది. అందుకని ఎండ్రకాయ ఎప్పటికప్పుడు పాత డొప్పను విడిచి బయటికి వస్తుంది. అప్పుడు అది మెత్తగా, నిస్సహాయంగా ఉంటుంది. శరీరంలోకి నీరు నింపుకుని ఉబ్బి, కొత్త డొప్ప గట్టిపడేవరకు దాగి ఉంటుంది. డొప్ప విడిచే వేళ ఇంకా రాలేదని ఆపే రసాయనం దాని కంటి కాడలలోని చిన్న గ్రంథి నుండి విడుదలవుతుంది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర పరిశోధకులు మన పొలాల్లో దొరికే మంచినీటి పీతపైనే ఇటువంటి విషయాలను ఎన్నో ఏళ్ళు అధ్యయనం చేశారు. మనం కాలితో తన్ని పోయే జీవిలో ఒక విశ్వవిద్యాలయానికి సరిపడా పాఠాలు ఉన్నాయన్నమాట.

“రక్తం ఎర్రగానే ఉంటుందా?”

ఉండదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసేది ఇనుము కలిగిన పదార్థం, అందుకే ఎరుపు. ఎండ్రకాయ రక్తంలో ఆ పని చేసేది రాగి కలిగిన పదార్థం. ప్రాణవాయువు అందినప్పుడు అది లేత నీలిరంగులో ఉంటుంది.

“కాలు తెగిపోతే మళ్ళీ వస్తుందా?”

వస్తుంది. శత్రువు కాలు పట్టుకుంటే ఎండ్రకాయ తానే ఆ కాలిని ఒక నిర్ణీతమైన చోట విడిచివేసి తప్పించుకుంటుంది. ఆ చోట రక్తం ఎక్కువగా కారదు. తరువాత అక్కడే చిన్న మొగ్గ పుట్టి, డొప్ప విడిచినప్పుడల్లా పెరిగి కొత్త కాలు అవుతుంది.

“పిల్లలు ఎక్కడ ఉంటాయి? కడుపులోనా?”

పొట్ట కింద మడత ఉంటుంది. మగదానికి సన్నగా, ఆడదానికి వెడల్పుగా ఉంటుంది. తల్లి ఆ మడత కింద గుడ్లను మోస్తుంది. సముద్రపు పీతల పిల్లలు మొదట వేరే రూపంలో నీళ్ళలో తేలుతూ పెరుగుతాయి. మంచినీటి ఎండ్రకాయల గుడ్ల నుండి మాత్రం నేరుగా చిట్టి ఎండ్రకాయలే వస్తాయి. కొన్ని రోజులు తల్లి మడతలోనే ఉంటాయి.

“నీళ్ళు లేకపోతే ఏమవుతుంది?”

దానికి చేపలాగా మొప్పలు ఉంటాయి. అవి డొప్ప కింద రెండు పక్కలా గదుల్లో ఉంటాయి. అవి తడిగా ఉన్నంతసేపు ఒడ్డు మీద కూడా ఊపిరి తీసుకోగలదు. తడి పూర్తిగా ఆరిపోతే ఊపిరాడక చనిపోతుంది. అందుకే వేసవిలో తేమ వెదుక్కుంటూ బొరియ లోతుగా తవ్వుకుంటుంది.

ఈ సమాధానం విని పాప చాలాసేపు మాట్లాడలేదు. ఆ మౌనాన్ని నేను గమనించలేదు. అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పగలిగానన్న తృప్తితో జుమా వేళకు ఇల్లు చేరాను.

ప్రశ్న వెనుక ఉన్న ప్రశ్న

మరుసటి రోజు నుండి ఇంట్లో ఒక వింత మొదలైంది. కీమో చికిత్స జరుగుతున్నందున నీళ్ళు బాగా త్రాగాలని వైద్యులు నా భార్యకు చెప్పారు. మంచం పక్కన చెంబూ గ్లాసూ ఎప్పుడూ ఉంచుతాము. ఎన్నిసార్లు నింపినా ఖాళీగా కనబడేవి. ఆమె త్రాగలేదంటుంది, గ్లాసులో నీళ్ళుండవు. మూడవ రోజు అస్ర్ నమాజుకు బయలుదేరుతూ చూశాను. పాప గ్లాసు పట్టుకుని మెల్లగా పెరట్లోకి వెళ్ళి జామచెట్టు మొదట్లో నీళ్ళు పారబోస్తున్నది.

మా అమ్మాయి కోపంతో చెయ్యెత్తింది. నేను ఆపి, పాపను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. అది ఏడుస్తూ చెప్పిన మాట ఇది: “నానీ కడుపులో సర్తాన్ ఉంది కదా నానా! నీళ్ళు లేకపోతే అది చచ్చిపోతుందని మీరే చెప్పారు కదా!”

నాకు నోట మాట రాలేదు. అరబీలో సర్తాన్ అంటే పీత. రెండు నెలల క్రితం బొమ్మల పుస్తకంలో సీన్ అక్షరం నేర్పుతూ ఆ మాటను ఆ పాపకు నేర్పింది మరెవరో కాదు, నేనే. మేము దాచామనుకున్న మాట తాళంచెవి దాని చేతిలోనే ఉన్నది. పొలం గట్టు మీద అది అడిగిన ప్రశ్నలన్నీ ఒక్కసారిగా నాకు గుర్తుకు వచ్చాయి. కాలు తెంపితే మళ్ళీ వస్తుందా? పిల్లలు కడుపులో ఉంటాయా? నేను ఎండ్రకాయ గురించి చెబుతున్నాను, అది తన నానీ గురించి అడుగుతున్నది.

సర్తాన్ అన్న పేరు ఎలా వచ్చింది?

ఆ సాయంత్రం పాపకు నిజం చెప్పాను. ముందు పేరు సంగతి. పూర్వం గ్రీకు వైద్యులు కొన్ని గడ్డల చుట్టూ ఉబ్బిన నరాలు పీత కాళ్ళలాగా పరుచుకుని ఉండడం చూసి వాటికి తమ భాషలో పీత పేరే పెట్టారు. ఆ గ్రంథాలను అరబీలోకి తెచ్చినవారు సర్తాన్ అన్నారు. ఇబ్నె సీనా కూడా తన వైద్య గ్రంథం ‘అల్ ఖానూన్’లో ఆ పేరుతోనే ఈ వ్యాధిని వర్ణించారు. క్యాన్సర్ అన్న మాటకు కూడా లాటిన్ భాషలో అర్థం పీతే. అది పోలిక మాత్రమే. నానీ కడుపులో పీత లేదు.

తరువాత వ్యాధి సంగతి. మన శరీరం కంటికి కనబడని చిన్న చిన్న కణాలతో నిర్మితమైంది. అవి అవసరమైనంత పెరిగి ఆగిపోతాయి. నానీ కడుపులో కొన్ని కణాలు ఆగకుండా పెరుగుతున్నాయి. వాటిని ఆపడానికే మందు ఇస్తున్నారు. ఆ మందు బలమైనది కనుక జుట్టు రాలుతుంది, నీరసం వస్తుంది. నీళ్ళు త్రాగితే నానీకి మేలు జరుగుతుంది.

“నేను నీళ్ళు పారబోసినందుకు నానీకి జబ్బు ఎక్కువైందా?” అని అడిగింది. కాలేదని, నీ వల్ల ఈ జబ్బు రాలేదని, పక్కన పడుకున్నా ముద్దు పెట్టుకున్నా ఇది ఎవరికీ అంటదని చెప్పాను. “నానీకి తగ్గిపోతుందా?” అన్నది చివరి ప్రశ్న. తగ్గిపోతుందని అనాలని నాలుక చివరి దాకా వచ్చింది. “నాకు తెలియదు బేటీ. డాక్టర్లు ప్రయత్నం చేస్తున్నారు. మనం సేవ చేద్దాం, దుఆ చేద్దాం” అన్నాను. అది నా ముఖం వైపు చూసి, లేచి వెళ్ళి గ్లాసు నింపుకుని వచ్చింది.

తల్లిదండ్రులకు కొన్ని మాటలు

మొదటిది, పిల్లల దగ్గర మర్మపు మాటలు పనిచేయవు. మనం స్వరం తగ్గించిన మాటనే వారు చెవి పెట్టి వింటారు. సగం తెలిసిన సంగతిని ఊహతో నింపుకుంటారు, ఆ ఊహ నిజం కంటే భయంకరంగా ఉంటుంది. ఇంట్లో పెద్ద జబ్బు ఉన్నప్పుడు పిల్లలకు మూడు విషయాలు తప్పక చెప్పాలి: ఇది నీ వల్ల రాలేదు, తాకితే అంటదు, నిన్ను చూసుకోవడానికి మేము ఉన్నాము. అంటువ్యాధి అయితే రెండవ మాటకు బదులు జాగ్రత్తలు చెప్పాలి.

రెండవది, తెలియనప్పుడు తెలియదని చెప్పడం లోపం కాదు. మదీనా పండితులు ఇమామ్ మాలిక్ (రహ్మతుల్లాహి అలైహ్) దూరప్రాంతాల నుండి వచ్చినవారు అడిగిన అనేక ప్రశ్నలకు తెలియదనే సమాధానమిచ్చేవారని ప్రసిద్ధి. అంతటివారే ఆ మాటకు సిగ్గుపడలేదు. తెలియదన్న తరువాత తెలుసుకుందాం పద అనగలిగితే అదే నిజమైన తాలీమ్.

మూడవది, సృష్టిని గురించిన ప్రశ్నను ధర్మానికి వెలుపలి విషయంగా భావించవద్దు. దివ్య ఖుర్ఆన్‌లో తేనెటీగ, చీమ, సాలీడు పేర్లతో సూరాలే ఉన్నాయి. మన పూర్వీకులు జాహిజ్, దమీరీ వంటివారు జంతువుల గురించి బృహద్గ్రంథాలు వ్రాశారు. దమీరీ గ్రంథంలో పీతకు కూడా చోటు ఉన్నది.

నాలుగవది, జిజ్ఞాస పేరుతో జీవహింస జరగకుండా చూడాలి. ఎండ్రకాయ కాలికి దారం కట్టి ఆడించడం మన పల్లెల్లో మామూలే. కాలు మళ్ళీ మొలుస్తుంది కదా అని తెంపడం తగదు. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2013లో ప్రచురించిన ప్రయోగంలో, తమకు విద్యుద్ఘాతం తగిలిన ఆశ్రయాన్ని పీతలు గుర్తుపెట్టుకుని తరువాత దానిని వదిలి వేరొక ఆశ్రయంలోకి వెళ్ళాయి. బ్రిటన్ 2022లో చేసిన చట్టం పీతలను కూడా బాధను అనుభవించగల జీవుల్లో చేర్చింది. పిల్లిని బంధించి ఆకలితో చంపిన స్త్రీ శిక్షకు గురైందని దైవప్రవక్త (స) చెప్పిన సంగతి మనందరికీ తెలిసినదే.

పొరుగింటివారు ఎండ్రకాయ కూర తింటారు, మనం ఎందుకు తినము అని కూడా పిల్లలు అడుగుతారు. హనఫీ మజ్హబ్ ప్రకారం నీటి జీవుల్లో చేప మాత్రమే తినదగినది. మాలికీ వంటి ఇతర మజ్హబ్‌లలో వేరే అభిప్రాయాలు ఉన్నాయి. ఈ సంగతిని ఇంతే సూటిగా, ఇతరుల భోజనాన్ని హేళన చేయకుండా చెబితే చాలు.

నా భార్య చికిత్స ఇంకా కొనసాగుతున్నది. నీళ్ళ గ్లాసు బాధ్యత ఇప్పుడు పూర్తిగా మనుమరాలిదే. రోజుకు ఎన్ని గ్లాసులు త్రాగిందో గోడ మీది క్యాలెండరులో గీతలు గీసి లెక్క పెడుతున్నది. మొన్న మళ్ళీ షామీర్‌పేట వెళ్ళినప్పుడు గట్టు మీద ఎండ్రకాయ విడిచిన ఖాళీ డొప్ప దొరికింది. దానిని జేబురుమాలులో చుట్టి తెచ్చి నానీకి చూపించింది. “లోపలిది చచ్చిపోలేదు నానీ, పెద్దదై బయటికి వచ్చింది” అని తానే వివరించింది. నానీ చాలా రోజుల తరువాత నవ్వింది.

పిల్లల ప్రశ్నలను ఓపికగా వినే హృదయాన్నీ, వాటికి నిజం చెప్పే ధైర్యాన్నీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.